పేపర్ యాక్సెప్ట్ అయింది, ట్రావెల్ గ్రాంటూ వచ్చింది, కానీ డబ్బంతా ముందు నేనే పెట్టాలట. వెళ్ళాలా వద్దా?

తూనీగ | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను, ప్రోగ్రామింగ్ భాషల మీద పని. మూడు వారాల కిందట నా మొదటి పేపర్ యాక్సెప్ట్ అయింది. రెండుసార్లు తిరిగొచ్చిన పేపర్ అది. మెయిల్ చూసి గైడ్ గారికి ఫోన్ చేస్తే నాకు మాట పెగల్లేదు.

సదస్సు ఇంకో ఖండంలో. ట్రావెల్ గ్రాంట్‌కి పెట్టుకున్నాను, నిన్న అది కూడా వచ్చింది. సంబరంగా మెయిల్ చదువుకుంటూ పోతే చివర్లో ఉంది: ఖర్చులన్నీ ముందు మీరే పెట్టుకోవాలి, సదస్సు అయ్యాక 30 రోజుల్లోపు రసీదులు పంపితే తిరిగి చెల్లిస్తాం అని. పంపాక ఎన్నాళ్ళకి చెల్లిస్తారో రాయలేదు.

కాగితం మీద లెక్క వేశాను. రిజిస్ట్రేషన్, విమానం టికెట్, వీసా ఫీజు, ఐదు రాత్రుల గది. అన్నీ కలిపితే నాకు నాలుగు నెలలు వచ్చే ఫెలోషిప్ అంత. గ్రాంట్ అందులో ముప్పాతిక భరిస్తుంది. అంటే ఆఖరికి నా జేబులోంచి పోయేది ఒక నెల సొమ్మే, అది ఎలాగో సర్దుకుంటాను. కానీ ఆ ఆఖరు వచ్చేదాకా నాలుగు నెలల సొమ్ము ఎక్కడి నుంచి తేవాలి? క్రెడిట్ కార్డు లేదు. ఇంట్లో అడగలేను. తక్కువ ధర రిజిస్ట్రేషన్‌కి ఇంకా పన్నెండు రోజులే ఉంది.

సహరచయిత ఒకరు ఆ ఊరికి దగ్గర్లోనే ఉంటారు. "నేను వెళ్ళి చెప్తాలే, ఇబ్బంది పడకు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. వెళ్ళాలా, ఆయన్నే చెప్పమనాలా? ఇలాంటిది దాటినవాళ్ళుంటే చెప్పండి.

రాళ్ళదారి | సోమవారం, రాత్రి 11:15

ఆయన్నే చెప్పమనండి. పేపర్ మీ పేరు మీదే అచ్చవుతుంది, సీవీలో ఆ వరస ఎక్కడికీ పోదు. అప్పు చేసి వెళ్ళినవాళ్ళని దగ్గరగా చూశాను. మా ల్యాబ్‌లో ఒకతను కార్డు మీద టికెట్ కొన్నాడు, డబ్బు ఏడు నెలలకి వచ్చింది. ఈలోపు కట్టిన వడ్డీని ఏ గ్రాంటూ ఇవ్వదు. ఆ ఏడు నెలలూ వారం వారం సదస్సు కోశాధికారికి మెయిళ్ళు రాస్తూనే ఉన్నాడు. పని మీద ఉండాల్సిన మనసంతా అక్కడే పోయింది.

చుక్కలముగ్గు | మంగళవారం, ఉదయం 6:50

రాళ్ళదారి గారూ, వడ్డీ సంగతి మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. వెళ్ళొద్దనడం మాత్రం నేను ఒప్పుకోలేను.

తూనీగా, నా మొదటి సదస్సులో నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఏం మాట్లాడానో ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. గుర్తున్నది ఆ తర్వాతి కాఫీ విరామం. ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి "మీ మూడో లెమ్మాలో ఆ షరతు అవసరమంటారా?" అని అడిగారు (లెమ్మా అంటే పెద్ద రుజువులో వాడే చిన్న సిద్ధాంతం). ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ఆవిడ నా మెడలో ఉన్న బ్యాడ్జీ తీయించి, వెనక తెల్లగా ఉన్న అట్ట మీద పెన్సిల్‌తో ఒక చిన్న టైపింగ్ రూల్ (ప్రోగ్రాంలో విలువల రకాలు సరిచూసే నియమం) రాసి, ఆ షరతు తీసేసినా రుజువు ఎలా నిలబడుతుందో చూపించారు. నా థీసిస్ నాలుగో అధ్యాయం పుట్టింది ఆ అట్ట మీదే. అది ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. నా బదులు సహరచయిత వెళ్ళుంటే ఆవిడ ఆయన్ని అడిగేవారు, ఆయన "కనుక్కుని చెప్తాను" అనేవారు, కథ అక్కడితో ఆగేది.

ఇక డబ్బు. మీది ప్రోగ్రామింగ్ భాషలు కాబట్టి ఏసీఎం అనే కంప్యూటింగ్ సంఘంలో ఆ రంగం విభాగమైన సిగ్‌ప్లాన్ వాళ్ళ ప్యాక్ నిధి గురించి తెలుసుకోండి. విద్యార్థుల ప్రయాణానికి ఇస్తారు. చంటిపిల్లలున్నవాళ్ళకి పిల్లల్ని చూసుకునే ఖర్చుకి, వైకల్యం వల్ల తోడు కావాల్సినవాళ్ళకి ఆ తోడు మనిషి ప్రయాణానికి కూడా అడగొచ్చు. మీరు అమ్మాయైతే ఏసీఎం-డబ్ల్యూ స్కాలర్‌షిప్ ఉంది. ఒకే ఖండంలో ప్రయాణానికి 600 డాలర్ల దాకా, ఖండం దాటితే 1200 డాలర్ల దాకా. దానికి పేపర్ ఉండాల్సిన పని కూడా లేదు.

మర్రిచెట్టు | మంగళవారం, ఉదయం 8:30

నేను రెండు సదస్సులకి ట్రావెల్ గ్రాంట్ల బాధ్యత చూశాను. బల్లకి అటువైపు ఎలా ఉంటుందో చెప్తాను, ఎక్కడ అడగాలో మీకే తెలుస్తుంది.

గ్రాంట్ డబ్బు ఒక్క చోటి నుంచి రాదు. కొంత స్పాన్సర్ కంపెనీలది, కొంత ఏసీఎం సిగ్‌ల (ఒక్కో రంగానికి ఉండే విభాగాల) వంటి సంఘాలది, మరికొంత అమెరికాలోని ఎన్ఎస్ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) లాంటి ప్రభుత్వ సంస్థలది. ఎన్ఎస్ఎఫ్ డబ్బును మామూలుగా సదస్సు తరఫున ఒక ప్రొఫెసర్ తెచ్చుకుంటారు. అది ఆయన యూనివర్సిటీ ఖాతాలో ఉంటుంది, ఎక్కువగా అమెరికా విద్యాసంస్థల్లో చదివేవాళ్ళకే అందుతుంది. ఖర్చయినట్టు కాగితం చూపించందే ఆ యూనివర్సిటీ పైసా కదపదు. స్పాన్సర్ల సొమ్ము ఒక్కోసారి సదస్సు ముంగిట్లోకి వచ్చాకగానీ చేతికందదు. మాకు ఇంకో భయం కూడా ఉంటుంది. ముందే ఇచ్చేశాక, వీసా రాకో ఒంట్లో బాగాలేకో విద్యార్థి రాకపోతే ఆ డబ్బు వెనక్కి ఎలా తెచ్చుకోవాలని. అందుకే అందరం తేలికైన దారి పట్టాం, రసీదులు పంపండి ఇస్తాం అన్నాం. తేలిక మాకు, బరువు మీకు.

ఇది తప్పని నాకు తెలియజెప్పింది ఒక విద్యార్థిని. గ్రాంట్ వచ్చిందని రాస్తే, కృతజ్ఞతలు చెప్పి, "ముందు పెట్టడానికి నా దగ్గర లేదు, దయచేసి ఇంకొకరికి ఇవ్వండి" అని జవాబు రాసింది. ఎవరి కోసం ఆ నిధి పెట్టామో ఆ మనిషే దాన్ని వదులుకుంది. ఆ రోజు మిగతా జాబితా మళ్ళీ చదివాను. తీసుకోగలిగినవాళ్ళలో చాలామంది అది లేకపోయినా ఎలాగో రాగలిగినవాళ్ళే. ఆ పిల్లకి నేనప్పుడు ఏమీ చేయలేకపోయాను, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

మరుసటిసారి మూడు మార్పులు చేశాం. గ్రాంట్ వచ్చినవాళ్ళకి రిజిస్ట్రేషన్ ఫీజు తిరిగివ్వడం మానేసి, ముందే ఫీజు లేకుండా నమోదయ్యే కోడ్ పంపాం. అందులో చేతులు మారే డబ్బే లేదు కనుక ఎవరికీ అభ్యంతరం రాలేదు. రెండోది గదులు. సదస్సు హోటల్‌తో ఒప్పందం చేసుకునేటప్పుడు, ఇన్ని గదులు నిండితే ఒకటి ఉచితం అనే షరతు తరచుగా ఉంటుంది. ఆ ఉచిత గదులు మామూలుగా నిర్వాహకులకి పోతాయి. మేం వాటిని ఇద్దరిద్దరు చొప్పున విద్యార్థులకి ఇచ్చాం, చాలనివాటి బిల్లు నేరుగా సదస్సు ఖాతాకి వెళ్ళేలా చూశాం. ఇక మిగిలింది టికెట్ ఒక్కటే. మా దరఖాస్తులో ఒక ప్రశ్న కలిపాం: "ముందు ఖర్చు పెట్టడం మీకు కష్టమా?" అవునన్నవాళ్ళకి టికెట్ మేమే కొన్నాం. ఎవరూ దాన్ని దుర్వినియోగం చేయలేదు.

కాబట్టి తూనీగా, గ్రాంట్ చూసేవాళ్ళకి ఈ పూటే రాయి. బతిమాలొద్దు, క్షమాపణలు వద్దు. ఇలా రాస్తే చాలు: "గ్రాంట్‌కి కృతజ్ఞతలు. మొత్తం ఖర్చు ముందుగా పెట్టుకునే స్తోమత నాకు లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ కోడ్ రూపంలో, గది బిల్లు నేరుగా సదస్సు ఖాతా నుంచి చెల్లించే వీలుందా? ఫలానా తేదీలోపు తెలిస్తే టికెట్ సంగతి మా విభాగంతో మాట్లాడుకుంటాను." మీ గైడ్ గారిని కూడా ఆ మెయిల్‌లో కలుపు.

తూనీగ | మంగళవారం, ఉదయం 9:05

గురువుగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇలా అడగొచ్చనే నాకు తెలియదు. అడిగితే ఉన్న గ్రాంట్ కూడా తీసేస్తారేమోనని భయపడ్డాను. ఇప్పుడే రాసి పంపుతున్నాను.

ఖాతాపుస్తకం | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను ఒక యూనివర్సిటీ ఫైనాన్స్ విభాగంలో పనిచేస్తాను. స్కాలర్లు మా దగ్గరికి ఎప్పుడూ ప్రయాణం అయ్యాకే వస్తారు, చేతిలో రసీదుల కట్ట పట్టుకుని. ముందు రండి అని ఎంత చెప్పినా రారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ట్రావెల్ అడ్వాన్స్ అనేది ఉద్యోగులకే అనుకుంటారు. చాలా చోట్ల స్కాలర్లకి కూడా ఇవ్వొచ్చు, మీ పేరు మీద కాకుండా గైడ్ పేరు మీద. ఆయన ప్రాజెక్టులో ప్రయాణాల పద్దు ఉంటే దాంట్లోంచి, లేకపోతే విభాగం నిధిలోంచి. పేపర్ యాక్సెప్ట్ అయిన ఉత్తరం, గ్రాంట్ ఉత్తరం, ఖర్చు అంచనా, గైడ్ సంతకం: ఈ నాలుగూ ఉంటే ఫైలు కదులుతుంది. వీటిలో గ్రాంట్ ఉత్తరమే అసలు బలం, డబ్బు తిరిగొస్తుందని కార్యాలయానికి అదే భరోసా. అందుకే అందులో మొత్తం అంకెల్లో ఉండాలి. "మీకు గ్రాంట్ మంజూరైంది" అని ఊరుకుంటే మేం ఏమీ చేయలేం, అంకెతో మళ్ళీ ఉత్తరం ఇమ్మని అడగండి.

ఇంకో మార్గం దీనికంటే శుభ్రం. టికెట్‌ని యూనివర్సిటీయే తన ఏజెంటు ద్వారా కొంటుంది, సదస్సు వాళ్ళు తర్వాత డబ్బుని మీకు కాకుండా యూనివర్సిటీ ఖాతాకే పంపుతారు. మీ చేతికి డబ్బే రాదు, పోదు. ఇది కుదురుతుందా అని సదస్సు వాళ్ళని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. రసీదు ఎవరి పేరు మీదుంటే వాళ్ళకే చెల్లిస్తామనే నిబంధన చాలామందికి ఉంటుంది, తర్వాత మార్చమంటే మారదు.

నేను బల్ల మీద చూసే తప్పులు కొన్ని చెప్తాను. హోటల్ వాళ్ళు ఇచ్చే బుకింగ్ నిర్ధారణ కాగితం రసీదు కాదు, ఖాళీ చేసేటప్పుడు "చెల్లించాల్సింది సున్నా" అని ఉన్న చివరి బిల్లు అడిగి తీసుకోవాలి. బోర్డింగ్ పాసులు పారేయొద్దు, ఫోన్లో ఉంటే స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి, విమానం దిగాక యాప్‌లోంచి మాయమవుతాయి. ఒకే ఖర్చుని రెండు గ్రాంట్లకి చూపించకూడదు. రెండు గ్రాంట్లుంటే ఒకదానికి టికెట్, ఒకదానికి గది అని ముందే విడదీసుకోండి. మరొకటి: డబ్బు ఎన్ఎస్ఎఫ్‌దైతే ఫ్లై అమెరికా చట్టం వర్తిస్తుంది. కొన్ని మినహాయింపులున్నా, మామూలుగా అమెరికా విమాన సంస్థ టికెట్టో, వేరే సంస్థ నడిపే విమానమైనా వాళ్ళ నంబరుతో అమ్మే (కోడ్‌షేర్) టికెట్టో కొనాలి. చవగ్గా దొరికిందని వేరే సంస్థలో కొని, మొత్తం టికెట్ డబ్బు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కొనే ముందు ఒక్క మెయిల్ రాసి అడిగితే పోయేదేమీ లేదు.

సీతాకోక | మంగళవారం, సాయంత్రం 4:45

నేను మాస్టర్స్ చేస్తున్నాను, పేపర్ ఏమీ లేదు, పీహెచ్‌డీకి వెళ్ళాలా అని ఆలోచిస్తున్నాను. నాలాంటివాళ్ళు ఇవన్నీ అడగొచ్చా? పేపర్ ఉన్నవాళ్ళ డబ్బు లాక్కున్నట్టు ఉంటుందేమో.

రాళ్ళదారి | మంగళవారం, సాయంత్రం 5:30

నేనైతే పేపర్ ఉన్నవాళ్ళకే ముందు అంటాను. మాట్లాడాల్సిన మనిషే రాలేకపోతుంటే, వినడానికి వచ్చేవాళ్ళకి ఇవ్వడం న్యాయం కాదు. తూనీగ లాంటివాళ్ళ సమస్య తీరాక మిగతావి. ఇంకో మాట, ఇప్పుడు ప్రసంగాలన్నీ వీడియోల్లో దొరుకుతున్నాయి. 2020లో చాలా సదస్సులు ఆన్‌లైన్‌లోనే జరిగాయి కదా, పని ఆగిందా?

చుక్కలముగ్గు | మంగళవారం, రాత్రి 9:10

ప్రసంగాలు ఆగలేదు. మెట్ల మీద కూర్చోవడం ఆగింది. ఆ ఏడాది పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్ళని అడగండి, వాళ్ళ రంగంలో తమ ల్యాబ్ బయట ఎంతమంది తెలుసో. నా తర్వాత చేరిన జూనియర్ ఒకమ్మాయి మూడో ఏడాదిలోకి వచ్చేదాకా తన పేపర్లు చదివే మనిషిని ఒక్కర్ని కూడా ఎదురుగా చూడలేదు.

సీతాకోకా, అడగొచ్చు, అడగాలి. పేపర్ లేనివాళ్ళ కోసమే పెట్టినవి ఉన్నాయి. ప్రోగ్రామింగ్ భాషల్లో పీఎల్ఎమ్‌డబ్ల్యూ అనే మెంటరింగ్ వర్క్‌షాప్ 2012లో ఆ రంగంలో పెద్దదైన పాపుల్ సదస్సుతో పాటు మొదలైంది, తర్వాత మిగతా పెద్ద సదస్సులకీ వచ్చింది. పరిశోధన అంటే ఏంటో చూపించడానికే, ప్రయాణ సాయంతో పిలుస్తారు. చిన్న పనైనా చేసి ఉంటే ఏసీఎం స్టూడెంట్ రీసెర్చ్ కాంపిటీషన్‌కి పోస్టర్ పంపు, డిగ్రీ వాళ్ళకి వేరే, పీజీ వాళ్ళకి వేరే పోటీ. వాలంటీరుగా కూడా వెళ్ళొచ్చు. మనుషులు కంప్యూటర్లని వాడే తీరు మీద జరిగే సీహెచ్ఐ సదస్సులో విద్యార్థి వాలంటీర్లు ఇరవై గంటలు పని చేస్తే రిజిస్ట్రేషన్ ఉచితం. తలుపు దగ్గర నిలబడి బ్యాడ్జీలు చూసే పనైనా, మధ్యలో ఎంతమందితో మాటలు కలుస్తాయో వెళ్తేనే తెలుస్తుంది.

మర్రిచెట్టు | బుధవారం, ఉదయం 7:40

రాళ్ళదారి గారి మాటలో న్యాయం ఉంది. కమిటీలో ఈ వాదన ప్రతిసారీ వస్తుంది. మా దగ్గర డబ్బుని మొదటే రెండు కుప్పలు చేసేవాళ్ళం, మాట్లాడేవాళ్ళకి పెద్దది, మొదటిసారి వచ్చేవాళ్ళకి చిన్నది. కలిపి పోటీ పెడితే రెండోవాళ్ళు ఎప్పుడూ ఓడిపోతారు, ఎందుకంటే దరఖాస్తులో రాయడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. నా పట్టుదల ఒక్కటే: గొప్ప ల్యాబ్ నుంచి మూడో పేపర్‌తో వచ్చే విద్యార్థికి కాదు ఈ డబ్బు. దరఖాస్తు చదివేటప్పుడు "ఇది ఇవ్వకపోతే ఈ మనిషి రాగలడా?" అని అడగాలి. గైడ్ ఉత్తరంలో "మా దగ్గర వేరే నిధి లేదు" అన్న వాక్యం ఉందా అని నేను ముందు వెతికేది అందుకే. గైడ్లు ఇది చదువుతుంటే, విద్యార్థి ప్రతిభ గురించి రెండు పేజీలు రాసి ఆ ఒక్క వాక్యం మర్చిపోకండి.

వేరే శాస్త్రాల వాళ్ళు ఇంత గొడవెందుకు, జర్నల్‌లో వేస్తే చాలదా అంటారు. మా రంగం అలా లేదు. కంప్యూటింగ్ రీసెర్చ్ అసోసియేషన్ 1999లోనే పదోన్నతుల గురించి ఒక పత్రం రాసింది. కంప్యూటర్ సైన్స్‌లో మంచి సదస్సులో వచ్చిన పేపర్‌ని జర్నల్ పేపర్‌కి తక్కువగా చూడొద్దని విశ్వవిద్యాలయాలకి చెప్పడానికే అది. సదస్సే మా అచ్చు, సదస్సే మా సంత. అచ్చుకి దారి తెరిచి సంతకి దారి మూస్తే విద్యార్థికి సగమే అందినట్టు.

నడిరేయి | బుధవారం, మధ్యాహ్నం 12:15

డబ్బు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి వీసా సంగతి కూడా చెప్పాలి. నాకు గ్రాంట్ వచ్చింది, టికెట్ కొన్నాను, వీసా రాలేదు. వీసా ఫీజు పోయింది, టికెట్‌లో సగం పోయింది. "హాజరు కాలేదు కాబట్టి గ్రాంట్ వర్తించదు" అన్నారు. వెళ్ళలేని సదస్సుకి రెండు నెలల సొమ్ము కట్టాను. నా ప్రసంగం వేళకి ఇక్కడ తెల్లవారుజామున మూడు గంటలు, వీడియో కాల్‌లో చెప్పాను, హాల్లో ఎవరున్నారో కూడా కనిపించలేదు.

ఇది నా ఒక్కడి గోడు కాదు. కెనడాలో, 2018లో మాంట్రియాల్‌లో, 2019లో వాంకూవర్‌లో, న్యూరిప్స్ అనే మెషీన్ లెర్నింగ్ సదస్సు జరిగినప్పుడు ఆఫ్రికా నుంచి రావాల్సిన ఎంతోమందికి వీసాలు దొరకలేదు. అదే రంగంలోని ఇంకో సదస్సు ఐసీఎల్ఆర్ వాళ్ళు 2020లో ఇథియోపియాలోని అడిస్ అబాబాలో పెడతామన్నారు, కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌కి మార్చారు, చివరికి 2023లో రువాండాలోని కిగాలీలో పెట్టారు. సదస్సు జరిగే చోటు మారితే ఎవరికి గ్రాంట్ అవసరమో కూడా మారిపోతుంది.

తూనీగా, టికెట్ కొనేముందు సదస్సు వాళ్ళని ఈ ప్రశ్న అడుగు: వీసా రాకపోతే వీసా ఫీజు, టికెట్ రద్దు ఖర్చు ఇస్తారా? రాతలో తీసుకో. ఆహ్వాన పత్రం ఇవాళే అడుగు, అందులో నీ ప్రసంగం పేరు, గ్రాంట్ మొత్తం రెండూ ఉండాలని చెప్పు. వీసా కార్యాలయం నీ బ్యాంకు నిల్వ చూస్తుంది. ఖర్చు ఎవరు భరిస్తున్నారో ఉత్తరంలో ఉంటే ఆ నిల్వ తక్కువున్నా చెప్పుకోడానికి ఆధారం ఉంటుంది. నా ఉత్తరంలో ఆ మాట లేదు.

ఖాతాపుస్తకం | బుధవారం, మధ్యాహ్నం 12:50

నడిరేయి గారూ, చదువుతుంటే కష్టంగా అనిపించింది. మీ టికెట్ యూనివర్సిటీ కొని ఉంటే ఆ నష్టం యూనివర్సిటీదయ్యేది. మా దగ్గరైతే వీసా వచ్చేదాకా టికెట్‌ని ఏజెంటు దగ్గర హోల్డ్‌లోనే పెట్టిస్తాం, లేదా కొంచెం ఎక్కువైనా రద్దు చేసుకోగలిగే టికెట్టే కొంటాం.

రాళ్ళదారి | బుధవారం, రాత్రి 8:00

తూనీగ గారూ, సోమవారం నేను రాసిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఇన్ని దారులున్నాయని నాకు తెలియదు. మా ల్యాబ్‌లో అతను కూడా ఎవరినీ అడగలేదు. మర్రిచెట్టు గారూ, మీరు రాసిన ఆ నాలుగు వాక్యాలని మా విభాగం నోటీసు బోర్డులో పెట్టుకోవచ్చా?

మర్రిచెట్టు | బుధవారం, రాత్రి 8:25

తప్పకుండా పెట్టండి. నా పేరు అక్కర్లేదు.

తూనీగ | తర్వాతి మంగళవారం, రాత్రి 9:30

ఏమైందో చెప్పడానికి వచ్చాను. గ్రాంట్ చూసే ఆవిడ రెండో రోజే జవాబిచ్చారు. రిజిస్ట్రేషన్‌కి కోడ్ పంపారు. కానీ ఒక చిక్కు వచ్చింది. విద్యార్థి రిజిస్ట్రేషన్ కింద పేపర్ నమోదు కాదట, ప్రతి పేపర్‌కీ ఒక పూర్తి రిజిస్ట్రేషన్ ఉండాలట. గైడ్ గారు మళ్ళీ రాస్తే ఆ కోడ్‌నే పూర్తి రిజిస్ట్రేషన్‌కి మార్చారు. ఇది అందరూ ముందే చూసుకోండి, చివరి రోజు తెలిస్తే ఏం చేసేదాన్నో.

గది ఇంకో అమ్మాయితో కలిసి, బిల్లు సదస్సు ఖాతాకే. టికెట్ విషయంలో ఖాతాపుస్తకం గారు చెప్పిన నాలుగు కాగితాలూ పట్టుకుని మా ఫైనాన్స్ విభాగానికి వెళ్ళాను. మొదట స్కాలర్లకి ఇవ్వం అన్నారు. గైడ్ గారి పేరు మీద అడుగుతున్నాను అని అంకె ఉన్న గ్రాంట్ ఉత్తరం చూపిస్తే, కళ్ళద్దాలు పెట్టుకుని పూర్తిగా చదివి, "ఇదుంటే ఇవ్వొచ్చమ్మా" అన్నారు. టికెట్ హోల్డ్‌లో ఉంది. సదస్సు డబ్బు నేరుగా యూనివర్సిటీకి వస్తుంది. వీసా రాకపోతే ఫీజు ఇస్తామని కూడా రాసిచ్చారు, నడిరేయి గారూ, అది మీరు చెప్పబట్టే అడిగాను.

ఇప్పటిదాకా నా చేతి నుంచి పోయింది వీసా ఫీజు ఒక్కటే. సహరచయితకి ఫోన్ చేసి నేనే వస్తున్నానంటే చాలా సంతోషించారు, రైల్వే స్టేషన్‌కి వచ్చి తీసుకెళ్తానన్నారు.

గ్రాంట్ చూసే ఆవిడ చివర్లో ఒకటి అడిగారు, వచ్చే ఏడాది దరఖాస్తులో "ముందు ఖర్చు పెట్టడం మీకు కష్టమా?" అన్న ప్రశ్న చేరుస్తామని, ఎలా రాస్తే విద్యార్థులు సిగ్గుపడకుండా జవాబిస్తారో చెప్పమని. మీకెవరికైనా మంచి మాట తోస్తే ఇక్కడ రాయండి, ఆదివారం లోపు ఆవిడకి పంపాలి.

సీతాకోక | తర్వాతి మంగళవారం, రాత్రి 9:50

"కష్టమా" అని కాకుండా "టికెట్, గది మేమే బుక్ చేయాలా, మీరు చేసుకుని తర్వాత తీసుకుంటారా?" అని రెండు గడులు పెడితే? నేనైతే మొదటి గడిలో ధైర్యంగా టిక్కు పెడతాను.

తూనీగ | తర్వాతి మంగళవారం, రాత్రి 9:58

ఇదే పంపుతున్నాను. వీసా అపాయింట్‌మెంట్ గురువారం. రేపటి నుంచి స్లైడ్లు మొదలుపెడతాను, ఇరవై నిమిషాలకి ఎన్ని సరిపోతాయో వేరే పోస్టులో అడుగుతాను.